కొలవకుండా అమ్ముతున్న వెలుగు గురించి హైదరాబాద్ నగర అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ఈ నగరంలో లేజర్లను అమ్మనిచ్చే, వాడనిచ్చే, ఆపగలిగే అధికారులందరికీ, మండపాల కమిటీలకు, ఊరేగింపులకు లైట్లు అద్దెకిచ్చేవాళ్ళకు, కంటి డాక్టర్లకు నమస్కారం.

ఇంతమందికి కలిపి ఒకటే ఉత్తరం ఎందుకంటే, రోడ్డు పక్క అమ్మే లేజర్‌తో మా ఇంటి పిల్లవాడి కన్ను దెబ్బతిన్నదని విడివిడిగా పెట్టిన నాలుగు అర్జీలూ ఊరంతా తిరిగి మళ్ళీ నా దగ్గరికే వచ్చాయి. మొదటి కార్యాలయంలో ఇది అమ్మకాల సంగతి అన్నారు. అమ్మకాలు చూసేవాళ్ళు శాంతిభద్రతల సంగతి అన్నారు. అక్కడికి పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని వెళ్తే, కౌంటర్లో ఉన్నాయన వాణ్ణి ఎగాదిగా చూసి "కంటికి దెబ్బంటున్నరు, మరి రక్తం ఏది?" అని అడిగాడు. ఆరోగ్యం చూసే చోట రసీదు ఇచ్చారు. ఆ రసీదు మాత్రం భద్రంగా ఉంది.

నేను ఈ నగరంలోనే ఒక పరిశోధనశాలలో ముప్ఫై ఒక్క ఏళ్ళు లేజర్ల దగ్గర పనిచేసి రిటైరైన టెక్నీషియన్ని. సైంటిస్టుని కాను. ఫ్లాష్‌లాంపులు మార్చడం, చిల్లర్లో నీళ్ళు చూసుకోవడం, అద్దాలు తుడవడం, బీమ్‌ని, అంటే లేజర్ కిరణాన్ని, ఒక అద్దం మీంచి ఇంకో అద్దానికి నడిపించి కుదురుగా నిలబెట్టడం నా పని. పేపర్లలో పేర్లు వాళ్ళవి, వేళ్ళకి కాలిన మచ్చలు నావి. ఫిర్యాదేం లేదు, ఆ పని నాకు ఇష్టం.

మా గది తలుపు పైన ఎర్ర బల్బు ఉండేది. అది వెలుగుతుంటే డైరెక్టరైనా బయట నిలబడాల్సిందే. ఎవరైనా పొరపాటున తలుపు తీస్తే లేజర్ దానంతట అదే ఆగిపోయేది. లోపలికి వెళ్ళేముందు గడియారం, ఉంగరం తీసి స్టీలు డబ్బాలో వేయాలి. మెరిసే లోహం మీద పడితే బీమ్ ఎటు తిరిగి ఎవరి కంట్లోకి పోతుందో చెప్పలేం. నా పెళ్ళి ఉంగరం నా వేలికున్న కాలంకంటే ఆ డబ్బాలో ఉన్న కాలమే ఎక్కువేమో. స్క్రూ కింద పడితే వంగి తీయకూడదు. వంగామంటే కన్ను సరిగ్గా బీమ్ ఎత్తుకి వస్తుంది. ముందు షట్టర్ మూయాలి, ఆ తర్వాతే నడుం వంచాలి. ఇప్పటికీ ఇంట్లో చెంచా కింద పడితే ఒక్క క్షణం ఆగుతాను. మా ఆవిడ నవ్వుతుంది.

మా దగ్గరున్నది ఎన్‌డీ యాగ్ లేజర్, అంటే నియోడీమియం కలిపిన స్ఫటికం. 1960 మే 16న అమెరికా శాస్త్రవేత్త మైమన్ కెంపు స్ఫటికంతో మొట్టమొదటి లేజర్ వెలిగించాడు. నాలుగేళ్ళకి 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఈ యాగ్ వచ్చింది. దీని కాంతి తరంగదైర్ఘ్యం 1064 నానోమీటర్లు. కంటికి కనపడదు, అయినా కంట్లోకి పోతుంది. మా యంత్రంలో ఒక్కో పల్స్, అంటే ఒక్కో మెరుపు, 10 నానోసెకన్లు. మనిషి రెప్ప వేయడానికి సెకనులో పావు వంతు పడుతుంది. అంటే రెప్ప వచ్చేది రెండున్నర కోట్ల రెట్లు ఆలస్యంగా. అందుకే మేం పెట్టుకునే కళ్ళద్దాలు ఆ కాంతిలో కోటో వంతు మాత్రమే లోపలికి వదిలేవి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇదే జాతి వస్తువు ఇప్పుడు మన రోడ్ల మీద తాళంచెవికి వేలాడుతోంది.

పోయినేడు నిమజ్జనం రోజు మా అన్న మనవడు, పదకొండేళ్ళవాడు, మా గల్లీ విగ్రహం లారీ ఎక్కే దాకా తోటి పిల్లలతో ఎదురుచూస్తున్నాడు. ఒకడి చేతిలో రోడ్డు పక్క బండి మీద కొన్న ఆకుపచ్చ లేజర్ ఉంది. లారీ ఆలస్యమైంది, పిల్లలకి తోచలేదు. పందెం వేసుకున్నారు. లేజర్ కంట్లోకి కొడితే రెప్ప వేయకుండా ఎవరు ఎక్కువసేపు చూస్తే వాళ్ళు గెలిచినట్టు.

మావాడే గెలిచాడు.

నొప్పి లేదు. కంటి వెనక చూపునిచ్చే పొర రెటీనాకి నొప్పి తెలియదు. ఆ రాత్రి పులిహోర తిని పడుకున్నాడు. రెండు రోజుల తర్వాత పుస్తకం ముందేసుకుని "తాతా, నడుమ ఏం కనిపిస్తలేదు, అక్షరాలు ఎవరో తింటున్నట్టున్నది" అన్నాడు. నాకు ఒళ్ళు చల్లబడింది. ముప్ఫై ఏళ్ళు ఏ మాట వినకుండా ఉండాలని ఉంగరాలు తీసి డబ్బాలో వేశానో, ఆ మాట ఇంట్లో విన్నాను.

కంటి డాక్టరమ్మ గళ్ళ కాగితం ఇచ్చి, ఎడమ కన్ను మూసి మధ్యనున్న చుక్క చూస్తూ, కనపడని గళ్ళు పెన్సిల్‌తో దిద్దమంది. వాడు దిద్దాడు. సరిగ్గా నడిమధ్యన చింతగింజంత నల్లటి మచ్చ. స్కాన్‌లోనూ అదే చోట పొర తెగి కనపడింది. "దీనికి ఇదీ అని మందు లేదు. కొంత దానంతటదే తేరుకోవచ్చు, కొంత ఉండిపోవచ్చు" అని ఆమె నిజం చెప్పింది. ఇప్పుడు వాడు నాతో మాట్లాడేటప్పుడు మొహం కొంచెం పక్కకి తిప్పి చూస్తాడు. కొత్తవాళ్ళు పొగరనుకుంటారు.

ఆ తర్వాత నేను కోఠీ వెళ్ళి రకానికొకటి చొప్పున ఆరు ఆకుపచ్చ లేజర్లు కొన్నాను. ఆరింటి మీదా "5 మిల్లీవాట్ల లోపు" అనే ఉంది. ల్యాబ్‌లో పాత స్నేహితుడు పవర్ మీటర్ ముందు పెట్టి చూశాడు. లేబుల్ మాట నిలబెట్టుకున్నది ఒక్కటీ లేదు.

పవర్ ఒక్కటే అయితే ఇంత పొడుగు ఉత్తరం రాసేవాణ్ణి కాదు. వీటి లోపల ఉండే ఏర్పాటు అసలు చిక్కు. చౌక ఆకుపచ్చ లేజర్లలో చాలావాటిలో ఆకుపచ్చ నేరుగా పుట్టదు. ముందు ఒక చిన్న డయోడ్ 808 నానోమీటర్ల కాంతి ఇస్తుంది. అది నియోడీమియం స్ఫటికాన్ని రెచ్చగొడితే 1064 వస్తుంది. దాన్ని కేటీపీ అనే ఇంకో స్ఫటికం సగానికి కోస్తే 532, అంటే మనకి కనపడే ఆకుపచ్చ. మొదటి రెండూ కనపడని పరారుణ కాంతులు. మంచి కంపెనీ అయితే చివర చిన్న ఫిల్టర్ పెట్టి ఆ రెండింటినీ ఆపుతుంది. ఖర్చు తగ్గించుకోవాలంటే మొట్టమొదట ఎగిరిపోయేది ఆ ఫిల్టరే. అది లేకపోయినా చుక్క ఆకుపచ్చగానే ఉంటుంది, కొనేవాడికి తేడా తెలియదు.

భోజనాల బల్ల మీద పాత సీడీ ఒకటి పెట్టి, తెల్ల కాగితానికి చిల్లు చేసి, అందులోంచి లేజర్‌ని సీడీ మీదికి కొట్టాను. ల్యాబ్ కళ్ళద్దాలు పెట్టుకునే చేశాను, దయచేసి ఎవరూ ఇంట్లో చేయకండి. సీడీ మీది సన్న గీతలు కాంతిని రంగుల వారీగా విడదీసి కాగితం మీదికి తిప్పికొడతాయి. మామూలుగా అయితే వరసగా ఆకుపచ్చ చుక్కలే ఉండాలి. పాత వెబ్‌కెమెరాలోంచి చూస్తే, మొదటి చుక్కకీ రెండో చుక్కకీ మధ్య ఖాళీగా ఉండాల్సిన చోట తెల్లగా ఇంకో చుక్క. అది 808. మరి 1064 ఏది? దాని తరంగదైర్ఘ్యం 532కి సరిగ్గా రెట్టింపు కాబట్టి అది పోయి రెండో ఆకుపచ్చ చుక్క మీదే కూర్చుంటుంది. దొంగ పోలీసు పక్కనే నిలబడ్డట్టు. 2010లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ శాస్త్రవేత్తలు ఇలాంటి పద్ధతినే ప్రచురించారు. వాళ్ళకి దొరికిన ఒక పాయింటర్‌లో ఆకుపచ్చ మసకగా ఉంది, కనపడని కాంతి మాత్రం దాదాపు 20 మిల్లీవాట్లు. అంటే "బ్యాటరీ వీకైంది సార్, అందుకే డల్‌గా కొడుతోంది" అని అమ్మేవాడు చెప్పే లేజరే అన్నిట్లోకీ ప్రమాదం కావచ్చు. వెలుగు తక్కువ కాబట్టి రెప్ప పడదు, కంటిపాప ముడుచుకోదు. పరారుణం తాపీగా పోయి రెటీనా మీద కేంద్రీకరిస్తుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే లేజర్ల మీద పగబట్టినవాణ్ణనుకుంటారు. షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్నవాళ్ళకి ఆస్పత్రుల్లో పెట్టే లేజర్ ఈ 532 ఆకుపచ్చే. మా అమ్మకి పెట్టారు. శుక్లం ఆపరేషన్ అయిన కొన్నాళ్ళకి కంట్లో పొర కమ్మితే దాన్ని కోసేది ఆ 1064 యాగే. దానివల్లే మా అమ్మ చివరిదాకా తన పప్పులో రాళ్ళు తనే ఏరుకుంది. డాక్టరు వాడేది వంద, రెండొందల మిల్లీవాట్లు, సెకనులో పదో వంతు పాటు. అదీ చూపుకి ప్రాణమైన నడిమి భాగాన్ని వదిలేసి, చుట్టూ. ఇంచుమించు ఆ పవర్ ఉన్న పాయింటర్‌ని పిల్లవాడు సూటిగా చూస్తే కాంతి పడేది ఆ నడిమి భాగం మీదే. సూటిగా చూడ్డమంటేనే అది.

ఇక మామూలు జనానికి జరిగేది చెబుతాను.

1. లేజర్ కిరణం చెదరకుండా వస్తుంది. దాన్ని కంటి కటకం వెంట్రుక మందం కూడా లేని చుక్కకి కుదిస్తుంది. ఒక్క మిల్లీవాట్ కూడా ఆ చుక్క దగ్గర నడినెత్తిన ఎండని నేరుగా చూసినదానికన్నా ఎన్నో రెట్లు చిక్కన. రాత్రి ఊరేగింపులో కంటిపాప పెద్దదై ఉంటుంది, దారి ఇంకా వెడల్పు.

2. ఊరేగింపు బండ్ల మీద పెట్టే పెద్ద లేజర్లు మిల్లీవాట్లలో ఉండవు, వాట్లలో ఉంటాయి. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60825-1 ప్రకారం 500 మిల్లీవాట్లు దాటితే క్లాస్ 4, అన్నిట్లోకీ పై తరగతి. మా ల్యాబ్‌లో ఎర్ర బల్బు పెట్టింది ఆ తరగతికే. ఇవి అద్దం గిర్రున తిప్పుతూ గీతలు గీస్తాయి కాబట్టి కిరణం ఒకేచోట నిలవదని అద్దెకిచ్చేవాళ్ళ ధీమా. గుంతలో బండి కుదుపుకి ఆ అద్దం మోటారు ఆగితే? మా గల్లీలో ఒకతను వీడియో తీస్తుంటే ఫోన్ కెమెరా మీద గులాబీ రంగు గీత పడి శాశ్వతంగా ఉండిపోయింది. ఫోన్‌కి సర్వీస్ సెంటర్ ఉంది.

3. దెబ్బ తగిలినట్టు ఎవరికీ తెలియదు. పిల్లలు చెప్పరు, తిడతారని భయం. ఒక కన్ను పోతే రెండో కన్ను సర్దుకుపోతుంది. మార్కులు తగ్గితే ట్యూషన్ పెట్టిస్తాం.

4. తెలియదు కాబట్టి లెక్క లేదు. లెక్క లేదు కాబట్టి సమస్యే లేదని ఫైలు మూసేస్తారు. నా అర్జీలకి జరిగింది ఇదే.

5. డ్రైవర్లు, విమానాలు దింపే పైలట్లు. దీని గురించి అధికారులకి నాకంటే బాగా తెలుసు.

6. లేజర్‌తో వెంట్రుకలు తీసే, పచ్చబొట్లు చెరిపే దుకాణాలు. మనలాంటి చామనఛాయ, నల్లటి ఒంట్లో మెలనిన్ అనే రంగు పదార్థం ఎక్కువ, అది 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ కాంతిని బాగా పీల్చుకుని కాలుతుంది. 1064 యాగ్ మన ఒంటికి కొంత నయం. ఏ లేజర్‌కి ఏ కళ్ళద్దాలో కూడా వేరువేరు. మెషిన్ పట్టుకున్న అమ్మాయికి ఇది ఎవరైనా నేర్పారా? ఆమె కళ్ళ సంగతి ఎవరైనా ఆలోచించారా? అది ఇంకో ఉత్తరం.

ఈ నగరానికి లేజర్లు కొత్త కాదు. గచ్చిబౌలి యూనివర్సిటీలో ఫెమ్టోసెకన్ లేజర్లతో పరిశోధనలు చేస్తారు. బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ అనే పరిశోధన కేంద్రంవాళ్ళు లేజర్‌తో లోహాలకి కొత్త పూతలు పూస్తారు. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకి ఇక్కడున్న ప్రయోగశాల చెస్ తయారుచేసిన 30 కిలోవాట్ల లేజర్‌తో 2025 ఏప్రిల్‌లో కర్నూలు దగ్గర డ్రోన్లని కూల్చారు, నేనూ టీవీ ముందు చప్పట్లు కొట్టాను. రెటీనా చూపించుకోడానికి దేశం నలుమూలల నుంచి జనం వచ్చే ఆస్పత్రులు ఇక్కడే ఉన్నాయి. ఆకాశంలో డ్రోన్‌ని పడగొట్టగలిగిన ఊళ్ళో, రోడ్డు పక్క బండి మీది లేజర్‌ని మీటర్ ముందు పెట్టే మనిషి లేడంటే నేను ఒప్పుకోను. చెప్పినవాళ్ళు లేరంతే.

కాబట్టి అడుగుతున్నవి ఇవి.

1. ఎవరి బాధ్యతో ముందు తేల్చండి. ఒక్క అధికారి, ఒక్క ఫోన్ నంబరు. మిగిలినవన్నీ దీని తర్వాతే.

2. దుకాణాల్లో దొరికే లేజర్లు కొని కొలవండి. కనపడే ఆకుపచ్చని ఒక్కదాన్నే కాదు, 808, 1064 కూడా. కొలిచినవి పేర్లతో సహా ప్రచురించండి. అమెరికాలో పాయింటర్ల పేరుతో అమ్మేవాటికి 5 మిల్లీవాట్లు హద్దు. ఆస్ట్రేలియాలో 1 మిల్లీవాట్ దాటినవాటిని అనుమతి లేకుండా దిగుమతే చేసుకోనివ్వరు. మన హద్దు ఎంతో చెప్పి, దాటినవాటిని బొమ్మల పక్కన అమ్మకుండా ఆపండి. బండివాణ్ణి పట్టుకుని కేసు రాసి చేతులు దులుపుకోవద్దు. డబ్బా మీద ఏముందో చదివే అమ్ముతున్నాడతను. తప్పుడు లేబుల్ అంటించినవాడు, తెప్పించినవాడు వేరే ఉన్నారు.

3. ఊరేగింపులు, బరాత్‌లు, సంగీత్‌లు, స్కూల్ వార్షికోత్సవాలు, ఏవైనా సరే, జనం మొహాల మీదికి లేజర్ కొట్టకూడదని అనుమతి పత్రంలోనే రాయండి. అమెరికాలో లేజర్ షో కిరణం జనం నిలబడ్డ నేలకి కనీసం 3 మీటర్ల పైన ఉండాలి. మనకి అది యథాతథంగా పనికిరాదు. మన గల్లీల్లో 3 మీటర్ల ఎత్తున మొదటి అంతస్తు బాల్కనీ ఉంటుంది, అందులో పసిపిల్లని ఎత్తుకుని దేవుణ్ణి చూపిస్తున్న అమ్మమ్మ ఉంటుంది. వెడల్పు తక్కువ రోడ్లలో క్లాస్ 4 లేజర్ అసలు వద్దు. డీజేల మోత మీద 2024లో నగరంలో నిషేధం పెట్టగలిగారు. చెవికి చేసిన ఆలోచనే కంటికీ చేయమంటున్నాను.

4. లేజర్ దెబ్బతో వచ్చిన ప్రతి కంటి కేసునీ ఆస్పత్రులు, ప్రభుత్వానివైనా ప్రైవేటువైనా, పేరు లేకుండా ఒక చోట నమోదు చేయాలి. వయసు, ఏ రంగు, ఎంత దూరం, ఎంతసేపు, ఎక్కడ కొన్నది. ఆ వస్తువు దొరికితే దాన్ని లేజర్ ల్యాబ్‌కి పంపి కొలిపించాలి. అప్పుడే ఫలానా పవర్ ఇంతసేపు పడితే ఈ మాత్రం గాయమని మన పిల్లల కళ్ళ మీద తెలుస్తుంది. డాక్టరు దగ్గర స్కాన్ ఉంది, లేజర్ ల్యాబ్‌లో మీటర్ ఉంది. రెండింటి మధ్య దూరం ఆటోలో గంట. ఈ రాష్ట్రం కంటి వెలుగు పేరుతో 2018లో ఒకసారి, 2023లో ఒకసారి ఊరూరా కళ్ళు పరీక్షించింది. ఇకమీదట ఏ శిబిరం పెట్టినా, స్కూళ్ళలో కంటి పరీక్షలు చేసినా "లేజర్ ఎప్పుడైనా కంట్లో పడిందా?" అని ఒక్క ప్రశ్న కలపండి.

5. పండగ ముందు వారం స్కూళ్ళలో పిల్లలకి చెప్పించండి. కావాలంటే నేనొస్తాను.

మండపాల కమిటీ తమ్ముళ్ళకి ఒక మాట. నేను పండగకి అడ్డం పడేవాణ్ణి కాను. మా గల్లీ గణపతికి ఇరవై ఏళ్ళుగా సీరియల్ బల్బులు కట్టేది నేనే. ఈసారి లైట్ల బండి అద్దెకి మాట్లాడేటప్పుడు రెండే అడగండి. ఎన్ని వాట్లు? బటన్ నొక్కి ఆపే మనిషి ఊరేగింపు అయ్యేదాకా మెషిన్ దగ్గర ఉంటాడా? రెండోదానికి జవాబు రాకపోతే ఆ బండి వద్దు. మామూలు ఎల్ఈడీ లైట్లతో కూడా దేవుడు బాగానే కనపడతాడు.

ఈ వినాయక చవితికి ఇంకా టైముంది. అప్పటికి మొదటి మూడూ చేయగలిగినవే. నా ఆరు లేజర్లు బ్యాటరీలు తీసి డబ్బాలో పెట్టి ఉంచాను. ఎవరు రమ్మంటే వాళ్ళ కార్యాలయానికి సీడీ, కాగితం, వెబ్‌కెమెరా పట్టుకుని వచ్చి చూపిస్తాను. కళ్ళద్దాలు రెండు జతలే ఉన్నాయి కాబట్టి ఒకరి తర్వాత ఒకరు చూడాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లేజర్ టెక్నీషియన్,
హైదరాబాద్.

జత చేసినవి:
నాలుగు అర్జీల నకళ్ళు. రసీదు ఒకటి.
పిల్లవాడు గళ్ళ కాగితం మీద దిద్దిన మచ్చ, మొదటి వారంలోది, మొన్నటిది. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, పెద్ద తేడా లేదు.